బల్గేరియన్ అంటే ఎవరు? ఇంట్లో ఒక లెక్క, బయట ఇంకో లెక్క

ముందు ఒక మనిషి మూడు పేర్ల సంగతి చెప్తాను. 1967లో బల్గేరియా దక్షిణాన కర్జలీ ప్రాంతంలో ప్తిచార్ అనే చిన్న పల్లెలో ఒక తుర్కు కుటుంబంలో పుట్టాడు. పేరు నయీమ్ సులేమానోవ్. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలకు మించదు, కానీ మీసాలు రాని వయసులోనే వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టాడు. దేశమంతా ఆ పిల్లాణ్ణి చూసి మురిసిపోయింది. ఆ దేశమే 1985లో అతని కాగితాల్లో పేరు కొట్టేసి నౌమ్ షలమానోవ్ అని రాసింది. 1986 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో పోటీలు అయిపోయాక అతను జట్టు నుంచి తప్పించుకుని, కొన్నాళ్లు దాక్కుని, టర్కీ ప్రభుత్వాన్ని ఆశ్రయం అడిగాడు. అక్కడ మూడో పేరు వచ్చింది, నయీమ్ సులేమానోగ్లు. దేశం మారినవాడు ఒలింపిక్స్‌లో ఆడాలంటే పాత దేశం ఒప్పుకోవాలి. ఆ ఒప్పుదల కోసం టర్కీ పది లక్షల డాలర్లకు పైగా కట్టిందని అప్పట్లో పత్రికలు రాశాయి. 1988 సియోల్‌లో 60 కిలోల విభాగంలో మొత్తం 342.5 కిలోలు ఎత్తి బంగారు పతకం తీసుకున్నాడు. రెండో స్థానంలో, 30 కిలోల వెనక, బల్గేరియా జట్టులోని స్తెఫాన్ తోపురోవ్ ఉన్నాడు.

భుజాలు అవే, బలం అదే, పేర్లు మాత్రం మూడు. మరి ఇతను బల్గేరియన్ ఎప్పటిదాకా, తుర్కు ఎప్పటినుంచి?

బల్గేరియా మైనారిటీల గురించి చదవడం మొదలుపెడితే ఎటు వెళ్లినా ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతాం. ఎందుకంటే ఆ దేశానికి ఈ విషయంలో రెండు ముఖాలున్నాయి. సెర్బియా, అల్బేనియా, ఉత్తర మాసిడోనియా, ఉక్రెయిన్ వైపు తిరిగి "అక్కడ మా వాళ్లున్నారు, వాళ్లను గుర్తించండి, వాళ్ల భాషలో చదువు చెప్పండి" అని అడుగుతుంది. ఆ అడగడంలో న్యాయం ఉంది కూడా. కానీ ఇంట్లోకి వచ్చి చూస్తే 1991 నాటి సొంత రాజ్యాంగంలో "జాతీయ మైనారిటీ" అన్న మాటే లేదు, "మాతృభాష బల్గేరియన్ కాని పౌరులు" అని చుట్టు తిరిగి చెప్పుకుంటుంది. మైనారిటీల రక్షణ కోసం యూరప్ దేశాలు చేసుకున్న ఫ్రేమ్‌వర్క్ ఒప్పందాన్ని 1999లో ఆమోదించింది, రాజ్యాంగంలో ఆ మాట మాత్రం నేటికీ చేరలేదు. బయట అడిగే హక్కును ఇంట్లో పేరు పెట్టి పిలవడానికి వెనకాడే ఈ తీరును పక్కన పెడితే ఈ విషయంలో మిగతాదేదీ అర్థం కాదని నా అభిప్రాయం.

అసలు ఈ చిక్కు ఎక్కడ మొదలైందో చూద్దాం. దాదాపు 500 ఏళ్ల ఒట్టోమన్ పాలన తర్వాత 1878 మార్చి 3న సాన్ స్తెఫానో ఒప్పందంలో రష్యా ఒక పెద్ద బల్గేరియాను గీసింది, మాసిడోనియాతో సహా. నాలుగు నెలలు దాటాయో లేదో, బెర్లిన్‌లో పెద్ద దేశాలన్నీ కూర్చుని ఆ పటాన్ని ముక్కలు చేశాయి. అయినా బల్గేరియా ఈరోజుకీ జాతీయ దినోత్సవం జరుపుకునేది మార్చి 3నే, అంటే నిలబడని పటం పుట్టిన రోజున. ఆ పటం కోసమే తర్వాత రెండు బాల్కన్ యుద్ధాలు, మొదటి ప్రపంచ యుద్ధం, చివరికి ఓటమి. ఈ మధ్యలో కొన్నిచోట్ల మనుషులు గీత దాటి వెళ్లారు, కొన్నిచోట్ల గీతే మనుషుల్ని దాటి వెళ్లింది. రెండూ ఒకటి కావు. తాను కదిలినవాడికి కనీసం బయలుదేరిన రోజు గుర్తుంటుంది.

గీత కదిలిన చోటుకి త్సారిబ్రోద్ కన్నా మంచి ఉదాహరణ లేదు. బల్గేరియా రాజధాని సోఫియా నుంచి రోడ్డు మీద 60 కిలోమీటర్ల చిల్లర, సెర్బియా సరిహద్దుకు అవతల. ఆ ఊళ్లో ఒకే ఇంట్లో ఉన్న కుటుంబాన్ని ఊహించుకోండి. 1878 దాకా ఒట్టోమన్ ప్రజలు, తర్వాత బల్గేరియా పౌరులు. 1919 నవంబర్ 27న పారిస్ పక్కన న్యూయీ అనే ఊళ్లో ఓడిపోయిన బల్గేరియా సంతకం పెట్టింది, మరుసటి ఏడాది యుగోస్లావియా అవబోతున్న రాజ్యం ఆ ఊరిని తీసుకుంది. 1941లో మళ్లీ బల్గేరియా వచ్చింది, 1944లో వెళ్లిపోయింది. 1950లో ఊరి పేరే మార్చి, బల్గేరియా కమ్యూనిస్టు నాయకుడు గియోర్గి దిమిత్రోవ్ మీదుగా దిమిత్రోవ్‌గ్రాద్ అన్నారు. యుగోస్లావియా విడిపోయాక సెర్బియా. ఇంటి గడప కదల్లేదు, దాని మీద జెండా మాత్రం తరానికి ఒకటి రెండుసార్లు మారింది. దీనితో పాటు దక్షిణాన బోసిలెగ్రాద్ కూడా అలాగే అవతల పడింది. ఈ ముక్కల్ని బల్గేరియాలో "పశ్చిమ శివార్లు" అంటారు. ఇప్పుడు సెర్బియా జనగణనల్లో బల్గేరియన్ల సంఖ్య ప్రతిసారీ తగ్గుతోంది. 2011లో 18,543, 2022లో 12,918. చాలామంది పిల్లలు చదువుకని సోఫియాకి వెళ్లి అక్కడే ఉండిపోతారు. ఏ నిషేధమూ అక్కర్లేకుండానే మైనారిటీ కరిగిపోయే పద్ధతి ఇది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

మనుషులు కదిలిన కథ బెస్సరేబియాది. 1806-12, 1828-29 రష్యా-తుర్కు యుద్ధాల కాలంలో వేలాది బల్గేరియన్ కుటుంబాలు డాన్యూబ్ దాటి ఉత్తరానికి, ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఒడెసా ప్రాంతపు దక్షిణ కొసకి, మోల్డోవా దక్షిణానికి వలస వెళ్లాయి. రష్యాకి ఖాళీ గడ్డిభూముల్లో సాగుచేసేవాళ్లు కావాలి, వీళ్లకి తుర్కు సైన్యం చేతికి అందని చోటు కావాలి. 1821లో బోల్‌గ్రాద్ అనే పట్టణం కట్టుకున్నారు. 1858లో అక్కడ ఒక హైస్కూలు పెట్టారు, అప్పటికి బల్గేరియా అనే దేశమే లేదు. దేశం పుట్టాక చూస్తే, దాన్ని నడపడానికి చదువుకున్నవాళ్లలో చాలామంది ఈ వలస ఊళ్ల నుంచే వచ్చారు. ప్రధానులుగా పనిచేసిన దిమితర్ గ్రెకోవ్ బోల్‌గ్రాద్‌లో పుట్టినవాడు, అలెగ్జాండర్ మలీనోవ్ కూడా బెస్సరేబియా బిడ్డే. మామూలుగా మాతృదేశం విదేశంలోని తన పిల్లల్ని పోషిస్తుంది అనుకుంటాం, ఇక్కడ విదేశంలోని పిల్లలు మాతృదేశాన్ని పోషించారు. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన సంగతి ఇదే.

ఆ ఊళ్లలో ఆదివారం పూట మిలినా చేస్తారు. పిండిముద్దను బల్ల మీద పెట్టి, చేతి వెనకభాగంతో నాలుగువైపులా లాగుతూ లాగుతూ పూతరేకంత పల్చగా, బల్ల అంచులు దాటి వేలాడేదాకా సాగదీస్తారు, దాని మీద ఉప్పటి జున్ను నలిపి చల్లి, పొడవుగా తాడులా చుట్టి, ఆ తాడును పళ్లెంలో పాములా చుట్ట చుట్టి కాలుస్తారు. సోఫియాలో దీని చుట్టాన్నే బానిత్సా అంటారు. రెండొందల ఏళ్లుగా రష్యా, మోల్డేవియా, మళ్లీ రష్యా, రొమేనియా, సోవియట్, ఉక్రెయిన్ ఇన్ని ప్రభుత్వాలు మారినా వంటింటి మాట మారలేదు. బజారు మాట మాత్రం ఎప్పుడో రష్యన్ అయిపోయింది. ఇంట్లో పాతకాలపు బల్గేరియన్ యాస, బయట రష్యన్, బడిలో ఉక్రెయినియన్. ఉక్రెయిన్‌లో చివరి జనగణన 2001లో జరిగింది, అందులో 2,04,574 మంది తాము బల్గేరియన్లమని రాయించారు, వాళ్లలో సుమారు లక్షన్నర మంది ఒడెసా ప్రాంతంలోనే. 2017లో ఉక్రెయిన్ తెచ్చిన విద్యా చట్టం రష్యన్‌ను తగ్గించాలని తెచ్చినా, ఈ చిన్న భాషలకూ దెబ్బ తగిలింది. 2023 డిసెంబర్‌లో చట్టం మార్చి, యూరోపియన్ యూనియన్ అధికార భాషలకు మళ్లీ చోటిచ్చారు. ఆ వరసలో బల్గేరియన్‌కూ చోటు దొరికింది. అంటే ఆ ఊరి పిల్లలకు తమ భాషలో చదువు దక్కిందంటే, దూరంగా ఉన్న సోఫియా 2007లో యూనియన్‌లో చేరి ఉండటం వల్ల. యూనియన్‌లో లేని దేశపు భాష అయితే ఈ దారి తెరుచుకునేది కాదు.

ఇవతల మోల్డోవాలో తారాక్లియా జిల్లా ఉంది, జనాభాలో మూడింట రెండొంతులు బల్గేరియన్లే. 1999లో మోల్డోవా ప్రభుత్వం జిల్లాలను కలిపేసి తారాక్లియాను పక్క జిల్లాలో ముంచేయబోతే, ఊరివాళ్లు ఓటింగ్ పెట్టుకుని "మేం ఒప్పుకోం" అన్నారు, చివరికి విడిగా ఉంచక తప్పలేదు. 2004లో అక్కడ ఒక విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. తారాక్లియా పక్కనే గగౌజియా. అసలు చిక్కు గగౌజ్‌ల దగ్గర మొదలవుతుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

బల్గేరియన్ అంటే ఎవరు అని వీధిలో ఎవర్ని అడిగినా సులువుగా వచ్చే జవాబు, బల్గేరియన్ మాట్లాడే ఆర్థడాక్స్ క్రైస్తవుడు అని. గగౌజ్‌లు ఆర్థడాక్స్ క్రైస్తవులే, కానీ ఇంట్లో మాట్లాడేది తుర్కుకు చాలా దగ్గరి భాష. బెస్సరేబియాకి వలస వెళ్లినప్పుడు బల్గేరియన్లతో కలిసి ఒకే బండ్లబారులో వెళ్లారు. మోల్డోవాలో 1994లో వీళ్లకు స్వయంప్రతిపత్తి దొరికింది, బల్గేరియాలో వర్నా చుట్టుపక్కల మిగిలినవాళ్లు చాలావరకు బల్గేరియన్లలో కలిసిపోయారు. వీళ్లకు సరిగ్గా తిరగేసిన బొమ్మ పోమాక్‌లు. రొదోపి కొండల్లో ఉంటారు, మాట్లాడేది బల్గేరియన్, అదీ కొన్నిచోట్ల చాలా పాత యాస, కానీ మతం ఇస్లాం. భాషే గీటురాయి అయితే పోమాక్ లోపల, గగౌజ్ బయట. మతం గీటురాయి అయితే గగౌజ్ లోపల, పోమాక్ బయట. దీనికి తోడు బనాత్ బల్గేరియన్లు ఉన్నారు. 1688లో ఒట్టోమన్ల మీద చిప్రోవ్‌త్సి ఊరివాళ్ల తిరుగుబాటు అణిగిపోయాక పారిపోయిన కథోలిక్కులు, మరికొందరు కథోలిక్కులతో కలిసి 1738 ప్రాంతంలో ఇప్పటి రొమేనియాలోని బనాత్‌లో స్థిరపడ్డారు. 1866లో వాళ్ల బడిపంతులు యోజు రిల్ ఆ యాసకు రోమన్ లిపిలో రాత నియమాలు కట్టాడు. కాబట్టి బల్గేరియన్ అంటే సిరిలిక్ లిపి అనీ అనలేం. రొమేనియా పార్లమెంటు ఇంత చిన్న సమాజానికి కూడా ఒక సీటు కేటాయిస్తుంది, బల్గేరియా పార్లమెంటులో అలాంటి సీటు ఏ మైనారిటీకీ లేదు.

ఒట్టోమన్ కాలంలో మనిషిని మతాన్ని బట్టే లెక్కేసేవారు. అందుకే బాల్కన్‌లలో ముస్లిం అయితే చాలు, ఏ భాష మాట్లాడినా తుర్కు అనేశారు. మన పాత తెలుగులో కూడా "తురక" అన్న మాట జాతి వదిలి మతానికి అంటుకుపోయింది కదా, మన పల్లెల్లో ఉన్న ముస్లింలకు తుర్కు దేశంతో ఏ సంబంధమూ లేకపోయినా. అక్కడా అదే జరిగింది. తర్వాత వచ్చిన బల్గేరియా రాజ్యం ఈ లెక్కను తిరగేసి వాదించింది, పోమాక్‌లు అసలు బల్గేరియన్లే, బలవంతంగా మతం మార్చబడ్డారు, కాబట్టి వెనక్కి తెచ్చుకోవాలి అని. వెనక్కి తెచ్చుకోవడం అంటే మళ్లీ బలవంతమే. 1912-13లో బాప్తిస్మాలు చేశారు. 1964లో రిబ్నోవో అనే ఊరివాళ్లు పేర్లు మార్చడానికి వచ్చినవాళ్లను తరిమేశారు, అప్పటికి ప్రభుత్వం తగ్గింది. 1970ల్లో మళ్లీ వచ్చింది, 1973 మార్చిలో కోర్నిత్సా ఊళ్లో కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు.

ఆ రిబ్నోవోలో పెళ్లిళ్లు ఈరోజుకీ చలికాలంలో, మంచు మధ్య చేస్తారు. పెళ్లికూతురి మొహానికి మందంగా తెల్లరంగు పూసి, దాని మీద రంగురంగుల తళుకుబిళ్లలు పువ్వుల్లా అతికిస్తారు. ఆ అలంకారంతో ఆమె కళ్లు మూసుకునే ఊళ్లో నడుస్తుంది, అద్దం చేతిలో పట్టుకుని, అయినవాళ్లు చెయ్యి పట్టుకుని దారి చూపిస్తుంటే. పేర్లు మార్చిన ఏళ్లలో ఇలాంటి ఆచారాలన్నిటి మీదా కట్టడి ఉంది. ఇప్పుడు ఫొటోలు తీసుకోవడానికి బయటివాళ్లు కూడా వస్తారు. కానీ ఆ మొహం మీద రంగు ఎవరో పర్యాటకుడి కోసం వేసింది కాదు, ఊరు పట్టుబట్టి మిగుల్చుకున్నది.

పోమాక్‌ల మీద చేసినది తుర్కుల మీద ఇంకా పెద్ద ఎత్తున చేశారు. 1984 డిసెంబర్ నుంచి 1985 వసంతం లోపు, కమ్యూనిస్టు పాలకుడు తోదోర్ జివ్కోవ్ ప్రభుత్వం ఎనిమిది లక్షలకు పైగా మనుషుల పేర్లు మార్చింది. దీనికి పెట్టిన ముద్దుపేరు "పునరుజ్జీవన ప్రక్రియ". పద్ధతి ఎలా ఉండేదంటే, తెల్లవారుజామున ఊరిని పోలీసులు, సైన్యం చుట్టుముట్టేవారు. పంచాయతీ ఆఫీసులో ఒక పట్టిక పెట్టేవారు, అందులోంచి ఒక స్లావ్ పేరు ఎంచుకోవాలి. హసన్ పోయి ఆసెన్ రావాలి. కొత్త గుర్తింపు కార్డు లేకపోతే జీతం లేదు, పింఛను లేదు. పేరు అంటే అక్కడ మూడు మాటలు కదా, సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. కాబట్టి నీ పేరు మార్చాలంటే మీ నాన్న పేరూ మార్చాలి, ఆయన ఎప్పుడో పోయి ఉన్నా సరే. రిజిస్టర్లలో చనిపోయినవాళ్ల పేర్లు కూడా మార్చారు, సమాధుల మీది రాతలు చెక్కేశారు. వీధిలో తుర్కు భాష మాట్లాడితే జరిమానా, సున్తీ చేయిస్తే శిక్ష. మొగిల్యానే ఊరి దగ్గర నిరసన మీద జరిపిన కాల్పుల్లో తల్లి దగ్గరున్న ఏడాదిన్నర పాప చనిపోయింది, ఇప్పుడక్కడ ఆ పాప పేరు మీద నీళ్ల ఊట కట్టారు. ఎదురు తిరిగినవాళ్లను డాన్యూబ్ మధ్యలోని బెలెనే దీవి జైలుకి పంపారు. ఒక పేరు కోసం ఇంత జరిగిందా అని మనకు అనిపిస్తుంది. మీ తాత పేరు మీ ఇంటి పుస్తకంలోంచి కొట్టేస్తున్నాం అని ఎవరైనా వస్తే అప్పుడు తెలుస్తుంది.

1989 మేలో తుర్కు ఊళ్లలో నిరాహారదీక్షలు, ఊరేగింపులు మొదలయ్యాయి. మే 29న జివ్కోవ్ టీవీలో కనిపించి, వెళ్లాలనుకునేవాళ్లకు సరిహద్దు తెరవమని టర్కీని సవాలు చేశాడు. టర్కీ తెరిచింది. ఆగస్టులో మళ్లీ మూసేలోపు, మూడు నెలల్లో, సుమారు 3,60,000 మంది వెళ్లిపోయారు. కాగితం మీద వాళ్లు టూరిస్టులు, అందుకే జనం దీన్ని "పెద్ద విహారయాత్ర" అన్నారు, ఆ పేరే చరిత్రలో నిలిచిపోయింది. కార్ల పైన పరుపులు, రేడియోలు, కుట్టుమిషన్లు కట్టుకుని కపితాన్ ఆంద్రెయెవో సరిహద్దు దగ్గర మైళ్ల పొడుగునా నిలబడ్డారు. వెనకాల పశువులు పాలు తీసేవాళ్లు లేక అరిచాయి. రొదోపి కొండల్లో పొగాకు కోతకు వచ్చి ఉంది, ఒక్కొక్క ఆకే చేత్తో తుంచి, దారానికి గుచ్చి ఆరబెట్టాల్సిన పంట అది. పట్నాల నుంచి విద్యార్థుల్ని, ఉద్యోగుల్ని పంపి కోయించాల్సి వచ్చింది. నవంబర్ 10న జివ్కోవ్ పడిపోయాడు, డిసెంబర్ 29న పేర్లు తిరిగి ఇచ్చేస్తామన్నారు. అప్పుడు సోఫియాలో కొందరు బల్గేరియన్లు "ఇవ్వకూడదు" అని ఊరేగింపు తీశారు. అది కూడా గుర్తుపెట్టుకోవాలి, తప్పంతా ఒక్క నియంత నెత్తిన పెట్టేస్తే సరిపోదు. 2012 జనవరిలో పార్లమెంటు ఈ వెళ్లగొట్టడాన్ని జాతి ప్రక్షాళన అని ఒప్పుకుని ఖండించింది.

తర్వాతి రాజకీయం కూడా ఈ గాయం మీదే నడిచింది. 1990 జనవరిలో తుర్కుల నాయకుడు అహ్మద్ దోగాన్ హక్కులు-స్వేచ్ఛల ఉద్యమం అనే పార్టీ పెట్టాడు. జాతి, మతం ప్రాతిపదికన పార్టీలు ఉండకూడదని రాజ్యాంగం అంటోంది కదా అని దాన్ని రద్దు చేయమని కేసు వేశారు. 1992లో రాజ్యాంగ న్యాయస్థానంలో పన్నెండు మందిలో ఆరుగురు రద్దు వైపు, ఐదుగురు వద్దనే వైపు, ఒక జడ్జి అనారోగ్యంతో రాలేదు. రద్దుకు ఏడు ఓట్లు కావాలి. అలా ఒక్క ఓటు తేడాతో తుర్కులకు పార్లమెంటులో గొంతు మిగిలింది. మిగిలిన గొంతుకు భాష మాత్రం లేదు, ఎన్నికల ప్రచారం బల్గేరియన్‌లోనే చేయాలని చట్టం. ఆ పార్టీకి అప్పటి నాయకుడు ల్యుత్వీ మెస్తాన్ 2013 ప్రచారంలో తుర్కు భాషలో మాట్లాడినందుకు జరిమానా కట్టాల్సి వచ్చింది, 2023లో స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు అది భావప్రకటన హక్కుకు విరుద్ధమని తీర్పిచ్చింది. ఇదే బల్గేరియా పొరుగు దేశాల్లో తన వాళ్ల భాష గురించి ఏం అడుగుతుందో పైన చూశాం.

2021 జనగణనలో జాతి ప్రశ్నకు జవాబిచ్చినవాళ్లలో 84.6 శాతం బల్గేరియన్లు, 8.4 శాతం తుర్కులు (5,08,378 మంది), 4.4 శాతం రోమాలు, అంటే జిప్సీలు అని పిలిచేవాళ్లు (2,66,720 మంది). మూడో అంకె దగ్గర ఆగాలి. కౌన్సిల్ ఆఫ్ యూరప్ అంచనా ప్రకారం బల్గేరియాలో రోమాలు ఏడు లక్షలకు పైనే ఉండొచ్చు. మిగతావాళ్లు ఎక్కడికి పోయారంటే, కొందరు తుర్కులమని రాయిస్తారు, ప్లోవ్‌దివ్‌లోని స్తోలిపినోవో వాడలో చాలామంది మాట్లాడేది తుర్కు భాషే. రుదారీలు అనేవాళ్లు రొమేనియన్ మాట్లాడతారు, మేం రోమాలం కాదంటారు. ఇంకొందరు బల్గేరియన్లమంటారు, ఉద్యోగం అడగబోయినప్పుడు ఏ పేరు చెప్తే తలుపు తెరుచుకుంటుందో వాళ్లకు తెలుసు. పాత తరం రోమా భాషలో కన్ను యాఖ్, ముక్కు నాక్, చెవి కాన్, నీళ్లు పానీ, రెండు దుయ్, మూడు త్రిన్. హైదరాబాదులో పెరిగినవాళ్లకు ఇందులో అనువాదం అక్కర్లేని మాటలే ఎక్కువ. వెయ్యేళ్ల కిందట మన ఉత్తరాది నుంచి బయలుదేరిన భాష అది. ఆ భాష పిల్లలు విడి బడుల్లో, ఊరి చివరి వాడల్లో ఉంటే, 2000లో విదిన్ పట్టణంలో బస్సులు పెట్టి వాళ్లను ఊళ్లోని మామూలు బడులకు తీసుకెళ్లడం మొదలుపెట్టారు. కొన్ని ఊళ్లు దాన్ని అందుకున్నాయి, దేశమంతా మాత్రం పాకలేదు.

పౌరసత్వం అనే కాగితం ఎంత పని చేస్తుందో యూదుల కథ చెప్తుంది. 1943లో జర్మనీ ఒత్తిడి మీద బల్గేరియా తన యూదుల్ని పంపడానికి సిద్ధమైతే, పార్లమెంటు ఉపసభాపతి దిమితర్ పెషెవ్, ఆర్థడాక్స్ చర్చి పెద్దలు స్తెఫాన్, కిరిల్ అడ్డం పడ్డారు, సుమారు 48,000 మంది బతికారు. ఇది నిజంగా గొప్ప సంగతి. అదే సమయంలో బల్గేరియా ఆక్రమించిన మాసిడోనియా, థ్రేస్, పిరోత్ నుంచి 11,343 మందిని బల్గేరియా అధికారులే పట్టి అప్పగించారు, వాళ్లు నాజీల మరణ శిబిరం త్రెబ్లింకాకు వెళ్లారు. 1942లో ఆ కొత్త ప్రాంతాల జనానికి పౌరసత్వం ఇచ్చినప్పుడు యూదుల్ని వదిలేశారు. మతం ఒకటే, ప్రభుత్వం ఒకటే, కాగితం ఉన్నవాడు బతికాడు. మొదటి సగం చెప్పి రెండో సగం వదిలేసే వాళ్లతో నేను ఒప్పుకోలేను.

మాసిడోనియా గొడవ మీద చాలా రాయొచ్చు, ఒక్క అంకె చాలు. బల్గేరియాలోని పిరిన్ ప్రాంతంలో 1946 నుంచి యుగోస్లావియా నాయకుడు టిటోతో స్నేహం కోసం కమ్యూనిస్టులు జనాన్ని మాసిడోనియన్లుగా రాయించారు. 1956 జనగణనలో 1,87,789 మంది మాసిడోనియన్లు ఉన్నారు. తొమ్మిదేళ్ల తర్వాత 1965లో పదివేలు కూడా లేరు. ఇక్కడ మనుషులూ కదల్లేదు, గీతా కదల్లేదు. రాసే చెయ్యి మారింది. సరిహద్దుకు అవతల దీని అద్దంబొమ్మ కనిపిస్తుంది. ఉత్తర మాసిడోనియా 2021 జనగణనలో బల్గేరియన్లమని రాయించుకున్నవాళ్లు 3,504 మంది. కానీ బల్గేరియా మూలం ఉందని కాగితం మీద సంతకం పెట్టి బల్గేరియా పాస్‌పోర్టు తీసుకున్న మాసిడోనియన్లు లక్షకు అటూ ఇటూ ఉంటారు. వాళ్లంతా అబద్ధమాడారని ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేవాళ్లు, వాళ్లంతా భయపడి దాక్కున్న బల్గేరియన్లని సోఫియావాళ్లు అంటారు. జర్మనీలో ఉద్యోగం కావాలనుకున్న కుర్రాడి సంతకంలో జాతి ఎంతుంది, వీసా ఎంతుంది అన్నది అతనికే తెలియకపోవచ్చు. 2022 నుంచి యూరోపియన్ యూనియన్ షరతు ఏమంటే, ఉత్తర మాసిడోనియా రాజ్యాంగంలో బల్గేరియన్ల పేరు చేర్చాలి. అల్బేనియన్లు, తుర్కులు, సెర్బులు, రోమాల పేర్లు అప్పటికే అందులో ఉన్నాయి కాబట్టి బల్గేరియన్లూ ఉండాలనడంలో తప్పు లేదు. కానీ అదే అడిగే దేశంలో తమను మాసిడోనియన్లమని చెప్పుకున్నవాళ్ల సంఘానికి రిజిస్ట్రేషన్ నిరాకరించి, స్ట్రాస్‌బర్గ్‌లో మళ్లీ మళ్లీ కేసులు ఓడిపోతూ వచ్చారు. సంఖ్య ఎంత చిన్నదైనా కానీ, తనను తాను ఏమని పిలుచుకోవాలో చెప్పే హక్కు స్కోప్యేలోని బల్గేరియన్‌కి ఎంతో, పిరిన్ ప్రాంతపు బ్లాగొయెవ్‌గ్రాద్‌లోని మాసిడోనియన్‌కీ అంతే. అల్బేనియా 2017లో బల్గేరియన్ మైనారిటీని చట్టంలో గుర్తించింది. తర్వాతి జనగణనలో ఏడువేల మందికి పైగా బల్గేరియన్లమని రాయించుకున్నారు. గుర్తిస్తే దేశం విడిపోతుందన్న భయం అక్కడ నిజం కాలేదు.

ఇంకో చిన్న సంగతి, హంగరీది. తర్నొవో దగ్గర ల్యాస్కొవెత్స్ ప్రాంతం నుంచి కూరగాయల రైతులు గుంపులుగా వెళ్లి, నది ఒడ్డున నీళ్లు తోడే చక్రం పెట్టి, కాలవలు తీసి మిరప, టమాటా పండించారు. హంగేరియన్ భాషలో "బల్గేరియన్ తోటమాలి" అన్న మాట కూరగాయలు పండించి అమ్మే రైతుకే పేరైపోయింది. అక్కడి 1993 చట్టం బల్గేరియన్లను గుర్తించిన పదమూడు మైనారిటీల్లో ఒకటిగా రాసింది. జాతి పేరు తిట్టుగా మారడం చాలాచోట్ల చూస్తాం, పనితనానికి పేరుగా మారడం అరుదు.

1989లో వెళ్లినవాళ్లలో సుమారు లక్షన్నర మంది ఒకటి రెండేళ్లలోనే తిరిగొచ్చేశారు. మిగతావాళ్లు బుర్సా, ఇస్తాంబుల్, ఎదిర్నేల్లో స్థిరపడ్డారు. బల్గేరియాలో తుర్కులని వెళ్లగొడితే, టర్కీలో ఇరుగుపొరుగు వాళ్లను "బల్గార్లు" అన్నారు. బెస్సరేబియా నుంచి సోఫియాకి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడిది కూడా ఇదే అనుభవం. ఊళ్లో బల్గేరియన్, సోఫియాలో "రష్యన్‌వాడు", ఆ పాత యాస విని. ఎండాకాలం రాగానే బుర్సా నుంచి కార్లు మళ్లీ కపితాన్ ఆంద్రెయెవో దగ్గర బారులు తీరుతాయి, కర్జలీ పల్లెల్లో తాతల ఇళ్లకు, సమాధుల దగ్గరికి. చాలామంది దగ్గర రెండు పాస్‌పోర్టులుంటాయి, రెండింటిలో ఇంటిపేర్లు వేరు, ఒకటి ఓవ్ తో ముగుస్తుంది, ఇంకొకటి టర్కీలో రాయించుకున్నది. టర్కీ కిటికీ దగ్గర ఒకటి ఇస్తారు, వంద గజాలు నడిపాక బల్గేరియా కిటికీ దగ్గర రెండోది తీస్తారు. అద్దం వెనక పోలీసు పేరు చదువుతాడు, కారులోంచి ఆ పేరుకు ఒక మనిషి పలుకుతాడు.